ఉర్లా కొలిమికి ఎండ కరెంటు

పిల్లలూ!

మీలో చాలామంది ఈ ఊరికి కొత్తవాళ్లే. ఒకరు విశాఖపట్నం నుంచి వచ్చారు, ఒకరు రామగుండం నుంచి, ఇంకొకరు ఖరగ్‌పూర్ నుంచి. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు వస్తుంది, సామాను లారీ ఎక్కుతుంది, మీరు కొత్త తరగతిలో కొత్త బెంచీ మీద కూర్చుంటారు. ఉర్లాకు వచ్చిన మొదటి వారంలోనే మీరు ఇంట్లో ఒక మాట అని ఉంటారు: "అమ్మా, డాబా మీద ఈ నల్ల మసి ఏమిటి?" తెల్ల యూనిఫాం ఆరేసిన రోజు అమ్మ కూడా అదే మాట అని ఉంటుంది.

ఈ పాఠం ఆ మసి దగ్గర మొదలవుతుంది. ముగిసేది మాత్రం ఏడో తరగతి అమ్మాయి ఒకరు నన్ను అడిగిన ప్రశ్న దగ్గర. "మేడం, ఎండతో కరెంటు అంత చవకగా వస్తే బొగ్గు కరెంటు ఎవరూ కొనరు కదా. అప్పుడు మా నాన్న ఉద్యోగం ఏమవుతుంది?" వాళ్ల నాన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో పని చేస్తారు. ఆ రోజు గంట మోగింది కాబట్టి తప్పించుకున్నాను. ఇంటికి వెళ్లి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాక ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నాలుగు లెక్కలు చేయాలని తెలిసింది. రండి, కలిసి చేద్దాం.

1. మసి ఎక్కడిది?

ఉర్లా, పక్కనే ఉన్న సిల్‌తరా పారిశ్రామిక వాడలు రాయపూర్‌కు ఇనుము పండించే పొలాలు అనుకోండి. ఇక్కడ పని మూడు దశల్లో జరుగుతుంది.

మొదటిది స్పాంజ్ ఐరన్. ఇనుప ఖనిజాన్నీ బొగ్గునూ కలిపి, నెమ్మదిగా తిరిగే పెద్ద గొట్టంలాంటి బట్టీలో వేస్తారు. లోపల వేడి సుమారు 1,000 నుంచి 1,100 డిగ్రీలు ఉంటుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. కాబట్టి అక్కడ ఇనుము కరగదు, ఖనిజంలోని ఆక్సిజన్ మాత్రం బయటికి పోతుంది. ఆక్సిజన్ పోయినచోట చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి. చూడటానికి స్పాంజిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒక టన్ను స్పాంజ్ ఐరన్‌కు సుమారు 1.6 టన్నుల ఖనిజం, ఒక టన్నుకు పైగా బొగ్గు పడతాయి.

రెండోది కరిగించడం. స్పాంజ్ ఐరన్‌నూ పాత ఇనుమునూ ఇండక్షన్ ఫర్నేసులో వేస్తారు. ఇక్కడ మంట ఉండదు. చుట్టూ ఉన్న రాగి తీగ చుట్టలో కరెంటు ప్రవహిస్తే లోపలి లోహంలో వేడి దానంతట అదే పుడుతుంది. మీ వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే దానికి ఇది పెద్దన్న అన్నమాట. ఒక టన్ను ఉక్కు కరగడానికి సుమారు 600 యూనిట్ల కరెంటు కావాలి.

మూడోది రోలింగ్. కరిగిన ఉక్కును దిమ్మెలుగా పోసి, మళ్లీ ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నొక్కి కడ్డీలు, యాంగిళ్లు తీస్తారు. ఈ కాల్చే కొలిమి ఎక్కువగా బొగ్గుతోనో నూనెతోనో నడుస్తుంది. కొన్ని మిల్లుల్లో దిమ్మె చల్లారకముందే నేరుగా రోలర్లకు పంపిస్తారు. అప్పుడు మళ్లీ కాల్చే ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు గమనించండి. మూడు దశల్లో రెండు బొగ్గు మీద నడుస్తున్నాయి, ఒకటి కరెంటు మీద. ఆ కరెంటు కూడా ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. డాబా మీద మసికి కారణం ఒక్కటే కాదు. లారీల పొగ, రోడ్డు దుమ్ము కూడా అందులో ఉన్నాయి. కానీ నలుపు రంగులో బొగ్గు వాటా చిన్నది కాదు.

మన తెలుగువాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దేశంలో మొట్టమొదటి స్పాంజ్ ఐరన్ కర్మాగారం మన పాల్వంచలో వచ్చింది. అప్పట్లో అది ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ 1980లో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. పెద్ద ఉక్కు ఫ్యాక్టరీలకు కావలసిన కోకింగ్ బొగ్గు మన దేశంలో తక్కువ. సింగరేణిలో దొరికే మామూలు బొగ్గుతోనే ఇనుము తీయవచ్చని ఆ కర్మాగారం చూపించింది. తర్వాత ఆ సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. ఈ రోజు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ స్పాంజ్ ఐరన్ చేసేది భారతదేశమే. ఉర్లా, సిల్‌తరాల్లో తిరుగుతున్న బట్టీలు ఆ పాల్వంచ బట్టీకి తమ్ముళ్లు.

2. శక్తి అంటే అంతా కరెంటు కాదు

"కరెంటు పోయింది" అంటే మనకు అన్నీ ఆగిపోయినట్టు ఉంటుంది. కానీ లెక్క చూస్తే మనం చివరగా వాడుకునే శక్తిలో కరెంటు రూపంలో వచ్చేది సుమారు ఐదో వంతే. మిగిలిన నాలుగు వంతులు ఎక్కడున్నాయి? స్కూటర్ ట్యాంకులో పెట్రోలు, లారీలో డీజిలు, వంటింట్లో గ్యాసు, పల్లెలో కట్టెలు, బట్టీలో బొగ్గు.

కాబట్టి శక్తి సంగతి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు పనులు గుర్తుంచుకోవాలి. ఒకటి, కరెంటును శుభ్రంగా తయారుచేయడం. రెండు, ఇప్పుడు మంటతో జరిగే పనులను కరెంటు వైపు తిప్పడం. మొదటి పని ఒక్కటే చేస్తే ఐదో వంతు మాత్రమే బాగుపడుతుంది. ఆ రెండో పనినే విద్యుదీకరణ అంటారు. పూర్వం విద్యుదీకరణ అంటే ఊరికి స్తంభాలు వేసి దీపం వెలిగించడం. ఇప్పుడు ఆ మాటకు అర్థం పెరిగింది.

మరి ఎవరైనా ఉన్న స్టవ్ వదిలి, ఉన్న బట్టీ వదిలి కరెంటు వైపు ఎందుకు వస్తారు? భూమి మీద ప్రేమతో కొందరు వస్తారు. జేబు చూసుకుని ఎక్కువమంది వస్తారు. అందుకే ధర గురించి తెలుసుకోవాలి.

3. ఎండ కరెంటు ఎందుకు చవకైంది?

మన దేశంలో పెద్ద సౌర విద్యుత్ కేంద్రాల కోసం వేలం పాట జరుగుతుంది. ఎవరు తక్కువ ధరకు యూనిట్ అమ్ముతామంటే వాళ్లకు పని దక్కుతుంది. 2010-11లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలాల్లో ధర యూనిట్‌కు 10 రూపాయల పైనే పలికింది. 2017 ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. మరుసటి నెలలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కుకు 2 రూపాయల 44 పైసలు. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు. తర్వాత పన్నుల వల్ల, సరుకు ధరల వల్ల మళ్లీ కొంచెం పెరిగింది కానీ పది రూపాయల రోజులు తిరిగి రాలేదు.

బొగ్గు ధర ఎందుకు ఇలా పడిపోలేదు? బొగ్గును ప్రతిరోజూ తవ్వాలి, మోయాలి, కాల్చాలి. ఈ రోజు కాల్చింది రేపటికి పనికిరాదు. సౌర పలక అలా కాదు. అది ఇంధనం కాదు, ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువు. ఒకే వస్తువును కోట్ల సంఖ్యలో చేస్తుంటే చేయి తిరుగుతుంది. వృథా తగ్గుతుంది, యంత్రాలు మెరుగవుతాయి. సౌర పలకల మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు ఐదో వంతు తగ్గుతూ వచ్చింది.

లెక్క చేద్దాం. పలక ధర 100 రూపాయలు అనుకోండి. ఒకసారి రెట్టింపైతే 80. రెండోసారి 64. మూడోసారి సుమారు 51. నాలుగోసారి 41. ఐదోసారి 33. అంటే ఐదుసార్లు రెట్టింపయ్యేసరికి ధర మూడో వంతుకు వచ్చింది. మొదట ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లే తర్వాతివాళ్లకు చవక చేసిపెట్టారు. బ్యాటరీల్లోనూ ఇలాగే జరిగింది. ఒక యూనిట్ కరెంటు దాచుకునే లిథియం బ్యాటరీ 2010లో వెయ్యి డాలర్ల పైన ఉండేది. 2023 నాటికి 150 డాలర్ల కంటే తక్కువకు వచ్చింది.

4. చవకైతే ఏం మారుతుంది? నాలుగు మెట్లు

కరెంటు చవకైతే అన్ని పనులూ ఒకేసారి కరెంటు మీదికి రావు. మెట్లు దిగినట్టు, ధర ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఒక్కో పని మారుతుంది. ఏ పని ముందు మారుతుందో తెలియాలంటే, ఆ పనిలో మంట ఎంత శక్తిని వృథా చేస్తోందో చూడాలి.

మొదటి మెట్టు: చక్రం

ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. దానితో మామూలు స్కూటర్ 45 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. అంటే ఒక యూనిట్ శక్తితో 5 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక యూనిట్‌తో సుమారు 30 కిలోమీటర్లు వెళ్తుంది. ఆరు రెట్లు! మిగిలిన శక్తి పెట్రోలు బండిలో ఏమైంది? ఇంజను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా, అలా వేడిగా పోయింది.

"ఆ కరెంటు కూడా బొగ్గుదే కదా మేడం" అని మీరు అనవచ్చు. మంచి ప్రశ్న. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు మూడు యూనిట్ల బొగ్గు వేడి కావాలి. కాబట్టి 30ని 3తో భాగించండి. 10 కిలోమీటర్లు. అయినా పెట్రోలు కంటే రెట్టింపే. ఆ కరెంటు ఎండ నుంచి వచ్చిందంటే చెప్పనే అక్కర్లేదు.

చక్రాల్లో అందరికంటే ముందు మారింది రైలు. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకు మన దేశపు మొదటి ఎలక్ట్రిక్ రైలు నడిచింది. ఈ రోజు బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాయి. బైలాడిలా ఖనిజాన్ని విశాఖకు తెచ్చే కొత్తవలస-కిరందుల్ మార్గాన్ని మీలో కొందరు అరకు వెళ్తూ చూసే ఉంటారు. ఆ కొండల లైను 1980ల మొదట్లోనే కరెంటు మీదికి వచ్చింది. ఇప్పటి కొత్త ఇంజన్లు దిగువకు దిగుతూ బ్రేకు వేసినప్పుడు కరెంటును తిరిగి తీగలోకి పంపిస్తాయి. డీజిలు ఇంజను ఎంత బ్రేకు వేసినా ట్యాంకులోకి డీజిలు తిరిగి రాదు.

రెండో మెట్టు: వంటిల్లు

14.2 కిలోల గ్యాసు సిలిండరులో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. మంటలో కొంత గిన్నె పక్కలనుంచి పోతుంది, గిన్నెలోకి చేరేది నూటికి 60 వంతులు అనుకుందాం. అంటే 108 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్‌లో నూటికి 85 వంతులు గిన్నెలోకి చేరుతుంది. అదే వంటకు 108ని 0.85తో భాగిస్తే సుమారు 127 యూనిట్ల కరెంటు చాలు.

ఇప్పుడు సిలిండరు ధర 900 రూపాయలు అనుకోండి. 900ని 127తో భాగించండి. దాదాపు 7 రూపాయలు. మీ ఇంటి కరెంటు యూనిట్ 7 రూపాయల కంటే తక్కువైతే కరెంటు వంట చవక, ఎక్కువైతే గ్యాసు చవక. చూశారా, ఇక్కడ తేడా స్కూటర్ దగ్గర ఉన్నంత పెద్దది కాదు. కత్తి అంచు మీద ఉంది. కరెంటు ఒక రూపాయి అటూ ఇటూ అయితే కోట్ల వంటిళ్లు అటూ ఇటూ అవుతాయి. దోసె పెనం వంపుగా ఉంటే ఇండక్షన్ మీద పనికిరాదు, అది వేరే సంగతి!

మూడో మెట్టు: కొలిమి వేడి

రోలింగ్ మిల్లులో దిమ్మెను మళ్లీ కాల్చే కొలిమి దగ్గరికి వద్దాం. ఇక్కడ కావలసింది ఉత్త వేడి. బొగ్గు కాల్చితే వేడి నేరుగా వస్తుంది, కరెంటుగా మార్చే శ్రమ లేదు. కాబట్టి కరెంటుకు ఇక్కడ స్కూటర్ దగ్గరున్నంత పైచేయి లేదు. ఇండక్షన్‌తో దిమ్మెను కాల్చే యంత్రాలు ఉన్నాయి. పొగ ఉండదు, కావలసినంతే వేడి పెట్టవచ్చు, లోహం తుప్పుగా రాలిపోవడం తగ్గుతుంది. కానీ యూనిట్ ధర బాగా దిగితే తప్ప మిల్లు యజమాని పాత కొలిమిని పడగొట్టడు.

నాలుగో మెట్టు: ఖనిజంలోని ఆక్సిజన్

చివరిది అన్నిటికంటే కష్టం. స్పాంజ్ ఐరన్ బట్టీలో బొగ్గు రెండు పనులు చేస్తుంది. వేడి ఇస్తుంది, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. వేడిని కరెంటు ఇవ్వగలదు. కానీ ఆక్సిజన్‌ను ఎవరు లాక్కోవాలి? హైడ్రోజన్ లాక్కోగలదు. బొగ్గు ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీటి ఆవిరి. స్వీడన్‌లో హైబ్రిట్ అనే ప్రాజెక్టు 2021లో ఇలా హైడ్రోజన్‌తో స్పాంజ్ ఐరన్ చేసి చూపించింది.

హైడ్రోజన్ నీటి నుంచి వస్తుంది, కరెంటుతో నీటిని విడగొట్టాలి. పదో తరగతి అన్నయ్యలు, అక్కయ్యలు చేసే ప్రయోగమే. ఒక టన్ను ఇనుముకు రసాయన లెక్క ప్రకారం 54 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలోకు సుమారు 55 యూనిట్ల కరెంటు. 54ను 55తో హెచ్చిస్తే 2,970, అంటే దాదాపు 3,000 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలైతే ఒక్క టన్నుకు కరెంటు ఖర్చే 18,000 రూపాయలు. యూనిట్ 2 రూపాయలైతే 6,000. మొదటి ధరకు ఎవరూ ఆ దారి తొక్కరు. రెండో ధరకు కూర్చుని ఆలోచిస్తారు.

మన ప్రభుత్వం 2023 జనవరిలో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ చేయాలని లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

5. రాత్రి సంగతి ఏమిటి?

ఎండ కరెంటుకు ఒక లోపం ఉంది, అది మీకూ తెలుసు. సాయంత్రం ఆరింటికి అది ఇంటికి వెళ్లిపోతుంది. ఉర్లా ఫర్నేసులు మాత్రం రాత్రంతా పని చేస్తాయి.

2025 జూన్ నాటికి మన దేశంలో ఉన్న విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటివి కానిదే. పేపర్లో చదివి "అయితే సగం కరెంటు శుభ్రమే" అనుకోకండి. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఒక కిలోవాట్ సౌర పలక రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. ఒక కిలోవాట్ బొగ్గు కేంద్రం రోజంతా నడిస్తే 24 యూనిట్లు ఇవ్వగలదు. అందుకే నిజంగా తయారయ్యే కరెంటులో నూటికి 70 వంతులకు పైగా ఇంకా బొగ్గుదే.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, కరెంటును దాచడం. మనకు దగ్గర్లోనే, రాజనాందగావ్‌లో, 100 మెగావాట్ల సౌర కేంద్రం పక్కన 120 మెగావాట్-అవర్ల బ్యాటరీ ఉంది. దాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 120 మెగావాట్-అవర్లు అంటే 1,20,000 యూనిట్లు. టన్నుకు 600 యూనిట్ల చొప్పున 200 టన్నుల ఉక్కు కరిగించడానికి చాలు. పెద్ద ఊరి కోరికకు అది చెంబెడు నీళ్లే, కానీ చెంబులు పెరుగుతున్నాయి. నీటితో దాచే పద్ధతి ఇంకా పాతది. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోనూ ఉన్న కొన్ని యంత్రాలు రెండు వైపులా తిరగగలవు. కరెంటు ఎక్కువున్నప్పుడు నీటిని పైకి తోడతాయి, కావలసినప్పుడు అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర ఇదే పద్ధతిలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టారు.

రెండో మందు, పనిని ఎండ వేళకు జరపడం. చాలా ఏళ్లుగా రాత్రి కరెంటు చవక అన్నది పరిశ్రమలకు అలవాటు. 2023లో కేంద్ర ప్రభుత్వం నియమాలు మార్చింది. ఎండ ఉండే గంటల్లో ధర మామూలు కంటే 10 నుంచి 20 శాతం తక్కువగా, అందరూ ఒకేసారి వాడే సాయంత్రపు గంటల్లో అంతే ఎక్కువగా ఉండాలని చెప్పింది. 10 కిలోవాట్లకు మించిన పరిశ్రమలకూ దుకాణాలకూ 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప మిగతావాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి అని గడువు పెట్టింది. రాత్రి షిఫ్టు చేసే కార్మికుడికి పగటి షిఫ్టు దొరకడం చిన్న సంగతా? నాన్న రాత్రి డ్యూటీ చేసి పొద్దున నిద్రపోతుంటే ఇంట్లో గుసగుసగా మాట్లాడుకునే పిల్లలకు అది తెలుస్తుంది.

6. చవక అంటే ఎవరికి?

ఇక్కడ ఒక జాగ్రత్త. వేలంలో 2 రూపాయల 50 పైసలన్న కరెంటు మీ ఇంటి బిల్లులో అదే ధరకు రాదు. మధ్యలో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, దారిలో పోయే నష్టం, దాచే ఖర్చు అన్నీ కలుస్తాయి. తోటలో 10 రూపాయలకు దొరికే వంకాయలు బజారులో 40 అయినట్టు. తోటలో ధర తగ్గిన సంగతి బజారుదాకా వస్తేనే విద్యుదీకరణ జరుగుతుంది. అందుకే ఇంటి డాబా మీదే పలకలు పెట్టుకోమని ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల దాకా సాయం ఉంది. అయితే క్వార్టర్లలో ఉండే మనకు డాబా మనది కాదు. మూడేళ్లకు బదిలీ అయ్యేవాళ్లు ఇరవై అయిదేళ్లు పనిచేసే పలక ఎలా పెట్టుకుంటారు? అద్దె ఇళ్లవాళ్లదీ ఇదే ఇబ్బంది. ఈ చిక్కు ఎలా విప్పాలో మీరూ ఆలోచించండి.

7. ఆ అమ్మాయి ప్రశ్న

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. "మా నాన్న ఉద్యోగం ఏమవుతుంది?"

తల్లీ, నేను లెక్క చేశాక నీకు చెప్పగలిగింది ఇది. బొగ్గు కేంద్రాలు రేపే మూతపడవు. నాలుగు మెట్లలో ఒక్కో పని కరెంటు మీదికి వస్తున్నకొద్దీ దేశానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. స్కూటర్లకు, వంటిళ్లకు, ఫర్నేసులకు, హైడ్రోజన్‌కు. ఆ పెరిగే అవసరంలో ఎండ, గాలి వాటా పెరుగుతూ పోతుంది. మీ నాన్న పనిచేసే రోజుల్లో ఈ మార్పు మెల్లగానే ఉండవచ్చు. నువ్వు ఉద్యోగం చేసే రోజులకు అది చాలా దూరం వెళ్లి ఉంటుంది.

పెద్ద సంస్థలు అప్పుడే మారుతున్నాయి. రామగుండం థర్మల్ కేంద్రం జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022లో పూర్తయింది. విశాఖ దగ్గరి సింహాద్రిలో 25 మెగావాట్లది అంతకు ముందే 2021లో వచ్చింది. రెండూ ఎన్‌టీపీసీవే. మన కోర్బా, సీపత్ కేంద్రాలు కూడా అదే సంస్థవి. 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న సింగరేణి గనుల సంస్థ సైతం తన స్థలాల్లో సౌర కేంద్రాలు పెట్టింది. బాయిలర్ దగ్గరి పని తగ్గుతుంది కానీ ట్రాన్స్‌ఫార్మరు, స్విచ్‌యార్డు, తీగ, బ్యాటరీ తెలిసినవాళ్ల అవసరం పెరుగుతుంది.

ఒక్క మాట మాత్రం దాచను. బదిలీ అంటే ఏమిటో మనకు తెలుసు. ఆర్డరు వస్తుంది, చేరడానికి గడువు ఇస్తారు, సామానుకు డబ్బు ఇస్తారు, కొత్త ఊళ్లో క్వార్టరు ఇస్తారు, పిల్లలకు ఇలాంటి పాఠశాలలో సీటు ఇస్తారు. అందుకే ఎన్ని ఊళ్లు మారినా మన చదువు ఆగలేదు. శక్తి కూడా ఇప్పుడు బొగ్గు ఊళ్ల నుంచి ఎండ ఊళ్లకు, కోర్బా నుంచి కర్నూలుకు, బదిలీ అవుతోంది. పర్మనెంటు ఉద్యోగికి ఆ బదిలీలో ఏదో ఒక దారి ఉంటుంది. కానీ ఉర్లా బట్టీ దగ్గర కాంట్రాక్టరు కింద రోజుకూలీకి పనిచేసేవాడికి, బొగ్గు లారీ తోలేవాడికి, గని పక్క టీకొట్టు నడిపే అమ్మకు ఏ ఆర్డరూ రాదు. పని వెళ్లిపోయిన సంగతి వాళ్లకు గేటు దగ్గరే తెలుస్తుంది. వాళ్ల పిల్లలకు కొత్త ఊళ్లో సీటు ఉంచేవాళ్లు ఎవరూ లేరు.

కాబట్టి నీ ప్రశ్న సరైనదే. దాన్ని ఇంకొంచెం పెద్దది చేసి అడుగుదాం: ఈ బదిలీలో అందరికీ మనకు దొరికినంత దొరుకుతుందా? డాబా మీద మసి పోవాలి. ఆ మసిని రోజంతా ఎదుట నిలబడి పీల్చినవాడి ఇంట్లో పొయ్యి ఆరకూడదు. ఈ రెండూ కలిసి జరగాలంటే లెక్క తెలిసిన పిల్లలు కావాలి.

చేసి చూడండి

1. ఇంట్లో ఈ నెల కరెంటు బిల్లు తీసుకుని మొత్తం రూపాయలను యూనిట్లతో భాగించండి. మీ యూనిట్ ధర ఎంత? మీ సిలిండరు ధరను 127తో భాగించి పక్కన రాయండి. మీ ఇంట్లో ఏ వంట చవక?

2. డాబా మీద ఒక తెల్ల కాగితాన్ని రాళ్ల బరువు పెట్టి ఒక రోజంతా ఉంచండి. సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు అక్కడా ఇలాగే చేయండి. రెండు కాగితాలనూ నోటుబుక్కులో పక్కపక్కన అంటించండి.

3. మీరు ఇంతకు ముందున్న ఊళ్లో కరెంటు దేనినుంచి వచ్చేది? నీరా, బొగ్గా, ఎండా, గాలా? తరగతిలో అందరి ఊళ్లూ కలిపి ఒక పటం గీయండి. మనంత మంది ఊళ్లు తిరిగినవాళ్లు వేరే పాఠశాలలో దొరకరు కాబట్టి మన పటం బాగా వస్తుంది.

4. సౌర పలక ధర 100 రూపాయల నుంచి మొదలై, ఉత్పత్తి ఎనిమిదిసార్లు రెట్టింపైతే ధర ఎంత? ప్రతిసారీ ఐదో వంతు తగ్గుతుందని లెక్క వేయండి.

మాటలు తెలుసుకుందాం

యూనిట్: వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఖర్చయ్యే కరెంటు.
మెగావాట్: వెయ్యి కిలోవాట్లు.
సామర్థ్యం: ఒక కేంద్రం పూర్తిగా నడిస్తే ఇవ్వగల శక్తి.
ఉత్పత్తి: అది నిజంగా ఇచ్చిన కరెంటు.
విద్యుదీకరణ: మంటతోనో నూనెతోనో జరిగే పనిని కరెంటుతో చేయడం.